పన్నెండు డిగ్రీల లోటు

మువ్వలపాలెం హెలికాప్టర్ శిక్షణ కేంద్రంలో హెలికాప్టర్ ఒక్కటే ఉంది. దాని బాగోగులు చూడ్డానికి ఒక డైరెక్టరు, ఒక జాయింట్ డైరెక్టరు, సూపరింటెండెంట్లు, వాళ్ల గుమాస్తాలు, ఆ గుమాస్తాలకి టీ మోసేవాళ్లు ఉన్నారు. నడపడానికీ, నడపడం నేర్పడానికీ మాత్రం కెప్టెన్ కోరాడ సన్యాసిరావు గారొక్కరే. ఆయన సైన్యంలో మంచుకొండల మధ్య ఎగిరొచ్చిన మనిషి. గాలికి జడవలేదు, మబ్బుకి జడవలేదు. రిటైరయ్యాక సొంతూరికి దగ్గరని ఈ ఉద్యోగంలో చేరి, 'మీ వివరణ కోరడమైనది' అన్న కాగితం మొదటిసారి అందుకున్ననాడు మాత్రం జడిశానని ఆయనే చెప్పుకుంటారు.

ఆ ఏడు కేంద్రానికి రెండో పైలట్ పోస్టు మంజూరైంది. పరీక్ష పెట్టారు. రాసినవాళ్లలో బొడ్డేడ హైమావతి అనే అమ్మాయి ఉంది. వాళ్ల నాన్నకి అనకాపల్లి బెల్లం మార్కెట్లో చిన్న కొట్టు. హెలికాప్టర్‌ని గాలిలో కదలకుండా నిలబెట్టడంలో ఆమెని మించిన శిష్యులు సన్యాసిరావు గారికి ఇంతవరకూ దొరకలేదు. వయసు నిబంధన ప్రకారం ఆమెకి ఇదే ఆఖరి అవకాశం. ఎగరడంలో అందరికన్నా ముందు నిలిచింది. రాతపరీక్షలో ఒక్క మార్కు తక్కువై తప్పింది.

ఆ మార్కు పోయిన ప్రశ్న సంగతి కాస్త చెప్పాలి. హెలికాప్టర్ ముందుకు వెళ్లాలంటే నెత్తిన తిరిగే రెక్కల చక్రం, అంటే రోటర్, ముందుకు వంగాలి. అంటే వెనకవైపుకి వచ్చిన రెక్క పైకి లేవాలి. తమాషా ఏమిటంటే, వెనక లేవాల్సిన రెక్కకి వెనకే ఊపు ఇస్తే లాభం లేదు. అది ఇంకా పక్కన ఉండగానే, పావు చుట్టు ముందుగానే ఇవ్వాలి. ఇదెందుకని ప్రశ్న. జవాబు పత్రంలో ఉన్నది ఒక్కటే మాట, బొంగరం. తిరుగుతున్న బొంగరాన్ని ఒకవైపు పొడిస్తే అది అటు వాలదు, పావు చుట్టు అవతలకి వాలుతుంది. రోటరూ తిరుగుతుంది గనక అదీ బొంగరమే. ఇంతే.

హైమావతి ఉయ్యాల అని రాసింది. సన్యాసిరావు గారు క్లాసులో చెప్పింది అదే. రోటర్ బొంగరంలాగా ఒక్క ముద్ద కాదు. రెక్కలు కీళ్ల మీద పైకీ కిందకీ ఊగుతుంటాయి. ఉయ్యాలని కింద తోస్తే కాసేపటికి గాని పైకి చేరదు, రెక్క కథ కూడా అంతే. కీలు సరిగ్గా నడిమధ్యన ఉంటే బొంగరం లెక్కా, ఉయ్యాల లెక్కా ఒకటే వస్తాయి, తొంభై డిగ్రీలు. మువ్వలపాలెం యంత్రంలో కీళ్లు నడిమికి కొంచెం ఎడంగా ఉన్నాయి. అందువల్ల రెక్క కాస్త తొందరగా ఊగి, డెబ్బై ఎనిమిది డిగ్రీలకే పైకి వచ్చేస్తుంది. కంపెనీవాడు కూడా యంత్రాన్ని ఆ డెబ్బై ఎనిమిదికే అమర్చి పంపాడు. ఆ తక్కువైన పన్నెండు డిగ్రీలు ఎందుకు తక్కువయ్యాయో ఉయ్యాల చెప్పగలదు, బొంగరం చెప్పలేదు. హైమావతి ఇదంతా అరపేజీలో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. పేపరు దిద్దినాయన సున్నా చుట్టి, సున్నా కింద రెండు గీతలు కూడా గీశాడు.

"మేస్టారూ, మీరు చెప్పిందే రాశానండి," అంది హైమావతి ఆ కాగితం చూపించి. అంతకన్నా ఒక్క మాట అనలేదు. అనుంటే సన్యాసిరావు గారికి అంత కష్టంగా ఉండేది కాదేమో. తను నోరు మూసుకుని బొంగరమని చెప్పేసి ఉంటే ఈ పిల్ల ఈపాటికి ఉద్యోగంలో ఉండేది కదా అని ఆయన మనసు పీకింది. ఏమైనా సరే ఆ మార్కు వెనక్కి తెచ్చివ్వాలని నిశ్చయించుకుని డైరెక్టరు గారి గదికి వెళ్లారు.

డైరెక్టరు పరాంకుశం గారు అంతకుముందు పట్టుపరిశ్రమ శాఖలో పనిచేశారు. పట్టుగూళ్లన్నీ ఒకే కొలతలో ఉండవలెనని పురుగులకి సర్క్యులర్ ఇచ్చిన ఘనత ఆయనది. సన్యాసిరావు గారు చెప్పింది మొదటినుంచీ చివరిదాకా కళ్లు మూసుకుని విన్నారు.

"కెప్టెన్ గారూ, రోటర్ విషయంలో నిజమేదో నిర్ణయించే అధికారం వ్యక్తిగతంగా మీకూ లేదు, నాకూ లేదు. అది కమిటీకి మాత్రమే దఖలుపడి ఉన్నది," అన్నారు కళ్లు తెరిచి.

కమిటీ వేశారు. జాయింట్ డైరెక్టరు అధ్యక్షుడు. రన్‌వే కుడిపక్కంతా రొయ్యల చెరువులు గనక మత్స్యశాఖ నుంచి ఒకరు, బొంగరం కలపతో చేస్తారు గనక అటవీశాఖ నుంచి ఒకరు సభ్యులు. సన్యాసిరావు గారికి విషయం తెలుసు గనక, తెలిసినవాడు నిష్పక్షపాతంగా ఉండలేడని ఆయన్ని వరండాలో కూర్చోబెట్టారు.

ముందు బొంగరం పక్షం వాదన పరిశీలించారు. సంతనుంచి తెప్పించిన బొంగరానికి తాడు చుట్టడం సభ్యుల్లో ఎవరికీ చేతకాక, అటెండరు చేత వేయించారు. జాయింట్ డైరెక్టరు గారు పెన్నుతో దాన్ని పొడిచారు. అది పక్కకి వాలి, గిరగిరా తిరుగుతూ పోయి మత్స్యశాఖవారి బూటు కింద దూరింది. వాలినట్టు రికార్డు చేసుకున్నారు. తరవాత ఉయ్యాల పక్షం. ఉయ్యాల వేయాలంటే సమావేశ మందిరం దూలానికి కొక్కెం కావాలి. కొక్కేనికి రోడ్లు భవనాల శాఖ అనుమతి కావాలి. అది వచ్చేలోగా కమిటీ గడువు తీరిపోతుంది. కాబట్టి లభ్యమైన సాక్ష్యాన్ని బట్టి తేల్చారు. మర్నాడే ఉత్తర్వు వెలువడింది. 'ఈ కేంద్రము పరిధిలోని రోటర్, సకల ప్రయోజనముల నిమిత్తము బొంగరముగా భావింపబడును. తదుపరి ఉత్తర్వులు వెలువడునంతవరకు సదరు రోటర్ తదనుగుణముగా ప్రవర్తించవలెను.'

అక్కడితో ఆగినా బావుండేది. ఆ ఉత్తర్వు ప్రతి ఒకటి ఆడిట్ ఆఫీసరు లింగమూర్తి గారి బల్ల మీదకి వెళ్లింది. లింగమూర్తి గారు నెమ్మదస్థుడు, ఎవరి జోలికీ పోడు, తేడా కనిపిస్తే మాత్రం వదలడు. ఉత్తర్వు ప్రకారం రోటర్ బొంగరం. బొంగరానికి తొంభై డిగ్రీలు. భౌతికంగా చూస్తే కేంద్రంలో ఉన్నవి డెబ్బై ఎనిమిదే. పన్నెండు డిగ్రీల లోటు తేలింది. ఆ పన్నెండు డిగ్రీలూ ఎవరి అధీనంలో ఉండగా తరిగిపోయాయో, వాటిని సొంతానికేమైనా వాడుకున్నారో చెప్పమని సన్యాసిరావు గారికి తాఖీదు పంపారు.

అవి ఫ్యాక్టరీ నుంచే అలా వచ్చాయని ఆయన జవాబు రాశారు. వచ్చినప్పుడు కొలిచి తీసుకోకపోవడం నిర్లక్ష్యమని ఇంకో తాఖీదు వచ్చింది. అది లోటు కాదు, యంత్రం తీరే అంత అని రాశారు. లోటుని తీరు అనడం తీవ్రంగా పరిగణించడమైనదని మూడోది వచ్చింది. స్టోరు రూము తాళం తీసి, పాత టైర్ల వెనకా, నూనె పీపాల కిందా వెతికారు. డిగ్రీలు ఎలా ఉంటాయో వెతికేవాళ్లెవరికీ తెలీదు గనక చాలాసేపు పట్టింది. దొరకలేదు.

చివరికి పరాంకుశం గారే దారి చూపించారు. లోటు ఉంటే భర్తీ చేయడమే కదా న్యాయం. రోటర్ అమరికని డెబ్బై ఎనిమిది నుంచి తొంభైకి తిప్పమని ఇంజనీరు దేవసహాయం గారికి ఆజ్ఞ ఇచ్చారు. దేవసహాయం గారు రెంచి పట్టుకుని కాసేపు యంత్రం ముందు తలొంచుకు నిలబడ్డారు. అలా తిప్పితే పైలట్ చేతిలోని స్టిక్ ముందుకు తోసినప్పుడు హెలికాప్టర్ ఏటవాలుగా కుడికి పోతుందని ఆయనకీ తెలుసు.

"రాసిచ్చేరు కదండీ కెప్టెన్ గారూ, మరేటి చేస్తాం," అని బిగించేశారు.

పైనెలలో శాఖామాత్యుల ఎదుట ప్రదర్శన ఉంది. దానికి ముందు ఒకసారి ఎగిరి చూడాలన్నారు. రన్‌వే చివర జెండా పాతారు. నేలకి కాస్త ఎత్తులో, మెల్లిగా, ముక్కుసూటిగా వెళ్లి ఆ జెండా పక్కన దిగాలి. డైరెక్టరు గారూ, లింగమూర్తి గారూ వెనక సీట్లలో ఎక్కి బెల్టులు బిగించుకున్నారు. రన్‌వే పక్కన హైమావతి కూడా నిలబడి ఉంది.

చేతిని కాస్త ఎడమకి వంచి పట్టుకుంటే ఆ యంత్రం అప్పటికీ తిన్నగానే పోతుంది. సన్యాసిరావు గారికి అదో లెక్క కాదు. కానీ అలా పట్టుకుంటే బొంగరం గెలుస్తుంది, హైమావతి సున్నా సున్నాగానే ఉండిపోతుంది. వంచకుండా పట్టుకుంటే నిజమేదో వెనక కూర్చున్నవాళ్లే కళ్లారా చూస్తారు. ఇంతకన్నా సాక్ష్యం ఏ కమిటీకి కావాలి అనుకుని ఆయన లోలోపల నవ్వుకున్నారు. చాలా రోజులకి ఆయనకి హుషారొచ్చింది. లేపి, స్టిక్‌ని వీసమంత కూడా అటూ ఇటూ పోనివ్వకుండా తిన్నగా ముందుకు తోశారు.

యంత్రం ముక్కు జెండా వైపే ఉంది. ఒళ్లు మాత్రం కుడికి జరగడం మొదలెట్టింది.

"జెండా ఎడమకి జరుగుచున్నదేమి?" అన్నారు డైరెక్టరు గారు కాసేపటికి.

"జెండా అక్కడే ఉంది సార్. మనమే జరుగుతున్నాం."

"మీరు స్టిక్ తిన్నగానే పట్టుకొని ఉన్నారా?"

"ఉత్తర్వు ప్రకారమే పట్టుకున్నాను సార్. ఎడమకి కాస్త వంచమంటే వంచుతాను. తమరు ఒక్క మాట అనండి, చాలు."

పరాంకుశం గారు నోరు తెరిచారు. పక్కన లింగమూర్తి గారు పెన్ను మూత తీశారు. వంచమంటే ఉత్తర్వు తప్పని ఒప్పుకున్నట్టు. కింద రన్‌వే అంచు దాటిపోయింది, రొయ్యల చెరువు నీళ్లు మెరుస్తున్నాయి. నీళ్లలో ఆక్సిజన్ కోసం తిరిగే చక్రాలు ఆ గాలికి ఎగిరెగిరి పడుతున్నాయి. డైరెక్టరు గారు కళ్లు మూసుకుని, ఉత్తర్వు ప్రకారమే పోనివ్వండి అన్నారు.

పోనిచ్చారు. డైరెక్టరు గారు ఇక చాలనేసరికి కింద ఉన్నది చెరువు గట్టు. దిగారు. పరాంకుశం గారి సఫారీ ప్యాంటు మోకాలిదాకా బురదైంది. చెరువు కాపలా ఉన్న మనిషి గెడ పట్టుకుని పరిగెత్తుకొచ్చి, ఈళ్లెవరో పెద్దోళ్లని కూడా చూడకుండా, రొయ్యపిల్ల బెదిరి మేత మానేస్తే ఎవరిస్తారని కడిగిపారేశాడు.

సన్యాసిరావు గారు ఓపిగ్గా నిలబడ్డారు. ఇప్పుడిక ఒప్పుకోక చస్తారా అనుకున్నారు. పరాంకుశం గారు బురదలోంచి ఒక కాలు తీసి, ఇంకో కాలు దిగబడనిచ్చి, చాలాసేపు ఆలోచించారు. ఆయన ముఖం క్రమంగా తేటపడింది.

"రోటర్ ఉత్తర్వుని పాటించింది. స్టిక్ పాటించింది. కెప్టెన్ గారూ, మీరూ తు.చ. తప్పక పాటించారు, అభినందనలు. అందరూ సక్రమముగా వర్తించినప్పుడు మనము వచ్చిన దారి తిన్ననిదే కావలెను. కాగా అది వంకరగా కనిపించినదనగా, మన సీట్లు ఎడమకి తిరిగి ఉన్నవని రుజువగుచున్నది."

"అయితే పన్నెండు డిగ్రీలు సీట్ల కింద దొరికినట్టు రాసుకోవచ్చునా?" అని లింగమూర్తి గారు అడిగారు. రాసుకోమన్నారు. లింగమూర్తి గారు ఆ బురదలోనే రాసుకున్నారు, ఆ మనిషి సంతోషించడం సన్యాసిరావు గారు అదే మొదటిసారి చూశారు.

ఆ వారంలో పైలట్ సీటు పన్నెండు డిగ్రీలు కుడికి తిప్పారు. అందులో కూర్చుంటే కాళ్లు పెడల్స్ మీద ఒకవైపూ, నడుము ఇంకోవైపూ ఉంటాయి. కళ్లు మాత్రం యంత్రం వెళ్లేవైపే ఉంటాయి. ఇప్పుడు హెలికాప్టర్ తిన్నగానే పోతున్నదనడానికి అడ్డేముంది? ఒక్క ధ్రువపత్రం కావాలి. 'రోటర్ బొంగరమేనని నా స్వానుభవములో ధ్రువపరచుచున్నాను' అని కేంద్రంలో ఉన్న ఏకైక పైలట్ సంతకం చేస్తే మంత్రిగారి ఫైలు కదులుతుంది.

సన్యాసిరావు గారు చెయ్యనన్నారు. మంచుకొండల మీద ఎన్నోసార్లు చావు తప్పి బయటపడింది రోటర్ సంగతి తెలియబట్టే. ఆ తెలివిని పట్టుకుని అబద్ధమని ఎలా రాస్తాడు మనిషి? కాగితం తోసేసి గుమ్మందాకా వచ్చేశారు. గుమ్మంలో కాళ్లు ఆగిపోయాయి. ఆ సంతకం పరాంకుశం గారికి ఎంత అవసరమో అప్పుడు తట్టింది.

వెనక్కి తిరిగి, హైమావతికి ఆ ఒక్క మార్కూ వేస్తే చేస్తానన్నారు.

పరాంకుశం గారికి కోపం రాలేదు. బేరం అనేది ఆయనకి బాగా అర్థమయ్యే భాష. కాకపోతే ఉత్తర్వుకి విరుద్ధమైన జవాబుకి మార్కు ఇవ్వడం అసంభవమన్నారు. ఫైలు తెప్పించారు, నిబంధనలు తిరగేశారు, ఇద్దరు గుమాస్తాలని పిలిచి తిరగేయించారు. ఎట్టకేలకి దొరికింది. చేతిరాత చక్కగా ఉన్నందుకు ఒక మార్కు ఇవ్వవచ్చునట.

సన్యాసిరావు గారు సంతకం పెట్టారు. ఇంటికెళ్లి అన్నం ముందు కూర్చుంటే సయించలేదు. తను గెలిచాడో ఓడాడో ఎంత ఆలోచించినా ఆయనకి తేలలేదు.

హైమావతికి చెబితే ముందు మొహం వెలిగింది. తరవాత, "అయితే నా జవాబు తప్పేనా మేస్టారూ?" అని అడిగింది.

"తప్పేనట. రాత బాగుందట."

ఆమె ఇంటికి ఫోన్ చేసుకోవాలని చెప్పి వెళ్లిపోయింది. వాళ్ల నాన్న ఆ సాయంత్రం బెల్లం మార్కెట్లో అందరికీ స్వీట్లు పంచాడని తరవాత తెలిసింది.

ప్రదర్శన నాడు శాఖామాత్యులొచ్చారు. కొత్త పైలట్ చేతే ఎగిరించాలని డైరెక్టరు గారి ఏర్పాటు. ముందురోజు లింగమూర్తి గారికి ఒక సందేహం వచ్చింది. పైలట్ సీటు తిప్పారు సరే, కింద చూసేవాళ్ల మాటేమిటి? వాళ్ల కళ్లకి అది వంకరగా కనిపిస్తే మళ్లీ లోటు పడదా? సబబే అన్నారు పరాంకుశం గారు. వడ్రంగిని పిలిపించి, స్కూలు పిల్లల పెట్టెలోని కోణమానిని ఒకటి తెప్పించి, షామియానా కింద వేసిన కుర్చీలన్నీ పన్నెండు డిగ్రీలు కుడికి తిప్పించారు. మంత్రిగారి సోఫా కూడా తిప్పారు. ఎవరూ జరపకుండా కాళ్లకి మేకులు కొట్టారు. జెండాని తీసుకెళ్లి చెరువు గట్టు మీద పాతారు. చెరువు కాపలా మనిషికి ముందు వరసలో కుర్చీ ఇచ్చి శాలువా కప్పుతామంటే అతనూ శాంతించాడు.

సన్యాసిరావు గారికి రెండో వరసలో చోటిచ్చారు. హైమావతి యూనిఫాం వేసుకుని, ఆయన కాళ్లకి దణ్ణం పెట్టి వెళ్లి, ఆ వంకర సీట్లో నడుము మెలితిప్పి కూర్చుంది. ఎంత అందంగా లేపిందంటే, ఆయన కుర్చీలోంచి సగం లేచారు. దుమ్ము కూడా లేవకుండా లేపింది. స్టిక్ ముందుకు తోసింది. హెలికాప్టర్ ఆయన కళ్లెదుట సూటిగా, దారం పట్టి లాగినట్టు జెండా దాకా వెళ్లి నిలబడింది.

"చూచితిరి కదా, బొంగరము," అన్నారు పరాంకుశం గారు మైకులో.

మంత్రిగారు చప్పట్లు కొట్టారు. వెనకాల అందరూ కొట్టారు. సన్యాసిరావు గారు చేతులు కట్టుకుని కూర్చుందామనుకున్నారు. కానీ ఎగిరింది తన శిష్యురాలు, అంత బాగా ఎగిరింది, చప్పట్లు కొట్టకుండా ఉండడం ఆయన వల్ల కాలేదు. అందరికన్నా గట్టిగా ఆయనే కొట్టారు.

తిరిగొచ్చి దిగాక ఫోటోలయ్యాయి, దండలయ్యాయి. జనం పల్చబడ్డాక హైమావతి మెడ రుద్దుకుంటూ ఆయన దగ్గరికొచ్చింది. ఎవరూ వినకుండా గొంతు తగ్గించింది.

"మేస్టారూ, మీరైతే అబద్ధం చెప్పరు. ఆ సీట్లో నాకేటీ తెలీలేదండి. ఇంతకీ నేను తిన్నగా ఎగిరేనా, వంకరగా ఎగిరేనా?"

సన్యాసిరావు గారికి సిగ్గేసింది. ఆ పిల్ల కళ్లలోకి చూడలేక అటూ ఇటూ చూశారు.

"నాకేటి తెలుస్తాదమ్మా," అన్నారు, "నేను కుర్చీలో కూచున్నాను."